చౌడు తిన్న గోడ

కోసాతెపా,
1974 సెప్టెంబరు 5

తమ్ముడు చోరియార్‌కు సలాం.

బతికే ఉన్నావనుకుని రాస్తున్నాను. పోయి ఉంటే మీ ఆవిడ సనోబార్ ఒక కార్డు ముక్కయినా పడేసేది కదా. పడేసేదేనా? ఆవిడకు కలం పట్టడం కంటే అద్దం పట్టడమే బాగా వచ్చు.

నేను బాగానే ఉన్నాను. ఆవు బాగానే ఉంది. బాగా లేనిది ఇల్లు. నాన్న వేసిన పడమటి గోడకు చౌడు పట్టింది. అడుగున మూరెడు మేర పిండిలా రాలిపోయి, గోడంతా గదిలోకి ఒరిగింది. ఇదంతా ఎదురింటి ఎష్కాబిల్ పుణ్యమే. వాడు ఈ ముప్పై ఏళ్ళలో రెండుసార్లు ఇల్లు పడగొట్టి, ఆ మన్ను అక్కడే తొక్కించి, దాని మీదే మళ్ళీ కట్టాడు. కట్టినప్పుడల్లా మోకాలెత్తు పైకి లేచాడు. వాడి కోడళ్ళు తందూరు బూడిదంతా సందులోనే పోస్తారు కాబట్టి సందు కూడా లేచింది. ఇప్పుడు మన గుమ్మంలోకి రావాలంటే మూడు మెట్లు దిగాలి. రెండు చినుకులు పడితే చాలు, వాళ్ళ వాకిటి నీళ్ళు మన గోడ మొదట్లోకి చేరతాయి. వాడు తన వాకిట్లో నిలబడి టీ తాగుతూ నన్ను కిందికి చూస్తాడు. ఆ బుర్రకు వేరే రకంగా ఎత్తు పెరిగే దారి లేదు, పాపం.

మొన్న వచ్చి ఏమన్నాడో తెలుసా?

“నోర్‌బీబీ, ఆ గోడ ఎట్లాగూ పోయేదే గదా. పడగొట్టించెయ్. ఆ పాటిమన్ను నా ఉల్లిమడికి తోలుకుంటా. పాత గోడ మన్నేస్తే ఉల్లిగడ్డ పిడికిలంత ఊరుద్ది.”

“మా నాన్న గోడ తిని నీ ఉల్లిగడ్డలు ఊరాలా? నీ బుర్ర ఊరే మన్నేదైనా ఉంటే చెప్పు, తట్ట నేనే మోస్తా” అన్నాను.

సమష్టి క్షేత్రం వాళ్ళు రోడ్డు పక్కన వరసగా రేకు కప్పుల ఇళ్ళు కట్టారు. మన ఊరి దిబ్బ మీద ఇళ్ళున్నవాళ్ళంతా దిగి రావాలట. గోడలు ఎంత పలచనంటే పక్కింటివాడు తుమ్మితే మనం ముక్కు తుడుచుకోవాలి. నేను వెళ్ళను.

నువ్విప్పుడు పాత ఊళ్ళ తవ్వకాల దగ్గర మేస్త్రీవట. ఒకప్పుడు ట్రాక్టరు బ్లేడుతో మన దిబ్బ పడమటి సగాన్ని చెక్కేసి పత్తిచేను చేసినవాడివి, ఇప్పుడు ఇంకో దిబ్బ మీద కూర్చుని కుంచెతో మట్టిని దువ్వుతున్నావట. ఈ మాట చెబితే మన ఆవు కూడా నవ్వింది. సరే, పాత గోడలతోనే కదా నీ కాపురం. ఒరిగిన గోడను పడగొట్టకుండా నిలబెట్టే ఉపాయం ఉంటే రాయి. పడగొట్టమని మాత్రం రాయకు. ఆ సలహా ఇచ్చే గాడిదలు ఊళ్ళోనే కావలసినన్ని ఉన్నాయి.

నీ అక్క,
నోర్‌బీబీ

*

తవ్వకాల గుడారం,
1974 సెప్టెంబరు 21

అక్కకు వంగి సలాం. నీ గోడలా వంగలేదు, మర్యాదగానే వంగాను.

చౌడు తిన్న గోడకు మందు లేదు. పడగొట్టు. ఇక నన్ను కూడా ఆ గాడిదల్లో కట్టేసుకో.

మేం తవ్వుతున్న దిబ్బ మన దిబ్బకు రెండింతలుంటుంది. పట్నం నుంచి పెద్దమనుషులు టోపీలు పెట్టుకుని వస్తారు. దాని ముందు నిలబడి, “ఆహా, ఎంతటి మహానుభావులు కట్టారో!” అంటారు. నాకు నవ్వాగదు. దిబ్బను ఎవడూ కట్టడక్కా. బద్ధకం కడుతుంది. ఒకడు మట్టిల్లు వేశాడనుకో. ఏడాదికోసారి నేల అలుకుతాడు. చలికాలం ముందు కప్పు మీద మన్ను పరుస్తాడు. పొయ్యి బూడిద, పగిలిన కుండ, నాకేసిన ఎముక, అన్నీ గుమ్మం దాటగానే పారేస్తాడు. వాడి కొడుకు నాటికి గోడ అడుగు చౌడు తింటుంది. ఆ మన్నంతా ఊరి బయటికి మోసే ఓపిక ఎవడికుంది? పైభాగం కూల్చి, మొండిగోడల మధ్య నింపి, తొక్కి, దాని మీదే కొత్తిల్లు వేస్తారు. మనవడూ అంతే, వాడి మనవడూ అంతే. ఇలా వంద తరాలు చెత్త మొయ్యడానికి బద్ధకిస్తే ఒక గుట్ట తయారవుతుంది. చివరికి నీళ్ళు చాలకో, రోగమొచ్చో ఊరు లేచిపోతుంది. మిగిలిన గోడల్ని వాన కరిగిస్తుంది, అంచుల్ని గాలి నున్నగా చేస్తుంది, పైన గడ్డి మొలుస్తుంది. గొర్రెలు కాసేవాడు వచ్చి దేవుడు చేసిన కొండ అనుకుంటాడు. మేం పైనుంచి ఒక్కో పొర తీస్తూ, ఈ చెత్త ఏ తాతదో కనుక్కుంటున్నాం. దీనికి మాకు జీతాలు.

ఈ లెక్కన ఎష్కాబిల్‌ను తప్పుపట్టడానికేం లేదు. దిబ్బ మీద పుట్టిన ప్రతి బద్ధకస్తుడూ చేసిన పనే వాడూ చేశాడు. అందరూ పైకి లేస్తుంటే నువ్వొక్కదానివి గుంటలో కూర్చుని, నీళ్ళొస్తున్నాయని ఏడుస్తున్నావు.

రోడ్డు పక్క ఇంటికి పో. కుళాయి ఉంటుంది. అదీ నచ్చకపోతే మా ఇంట్లో వెనక గది ఒకటుంది. ప్రస్తుతం సనోబార్ అందులో ఉల్లిపాయలు ఆరబెడుతోంది. కావాలంటే తీయించగలను.

ట్రాక్టరు సంగతి ఎత్తావు కాబట్టి నేనూ ఎత్తుతాను. ఆ పనికి నాకు మెచ్చుకోలు పత్రం ఇచ్చారు. నువ్వు ట్రాక్టరుకు అడ్డంగా నిలబడి, ఊరంతా వినేలా నన్ను శవాలు పీక్కుతినేవాడన్నావు. నేను ఊరు వదిలిన రోజున నీ చేత్తో కాల్చిన రొట్టె నా చేత కొరికించారు. వెళ్ళేవాడు ఒక కొరుకు కొరికితే, మిగిలింది గోడకు వేలాడదీసి వాడు తిరిగొచ్చేదాకా ఉంచడం మనవాళ్ళ మర్యాద. నువ్వేం చేశావు? “నీ ఎంగిలి కుక్కకేస్తాను పో” అని సందు చివరిదాకా వెంటపడి అరిచావు. పదకొండేళ్ళయింది. ఆ చేత్తోనే ఇప్పుడు ఉపాయం చెప్పమని ఉత్తరం రాశావు.

ఉపాయం చెప్పాను. పడగొట్టు.

చోరియార్

*

కోసాతెపా,
1974 అక్టోబరు 8

మేస్త్రీగారికి సలాం.

నీ ఉపన్యాసం అందింది. చదివి, తందూరు రాజెయ్యడానికి దాచాను. 

వంద తరాల వాళ్ళు బద్ధకస్తులట! అమ్మ ప్రతి వసంతంలో నేల అలికేది గుర్తుందా? మన్ను తెచ్చి, పిడకలు కొట్టిన పొడి కలిపి, మోకాళ్ళ మీద పాకుతూ గది చివరి నుంచి గుమ్మం దాకా వచ్చేది. అది ఆరకముందే మురికి కాళ్ళతో తొక్కినవాడివి నువ్వు. మీరు పొరలు లెక్కపెట్టేది ఆ అలుకునే కదా? అది ఆడదాని నడుము నొప్పిరా, చెత్త కాదు. పట్నం టోపీలకు ఈ మాట చెప్పు. అర్థమైతే నువ్వు మేస్త్రీవి, కాకపోతే వాళ్ళు టోపీలు.

ఇక గది సంగతి. సొంత అక్కను ఉల్లిపాయల్లో పడుకోబెట్టాలన్న ఆలోచన నీదా, సనోబార్‌దా? ఒక ఉల్లిపాయలవాడి పక్కన బతకలేకపోతున్నానని రాస్తే ఇంకో ఉల్లిపాయలదాని దగ్గరికి రమ్మంటావా?

నాకొక సంగతి అర్థమైంది. నువ్వూ ఎష్కాబిలూ ఒకే పాట పాడుతున్నారు. నిన్న వాడొచ్చి, “మీ తమ్ముడు కూడా పడగొట్టమనే రాశాడట గదా” అన్నాడు. ఎవరు చెప్పారంటే పళ్ళికిలించాడు. నాకు తెలియకుండా మీరిద్దరూ ఉత్తరాలు రాసుకుంటున్నారా? గోడ మన్ను వాడికి, ఇంటిచోటు నీకు, నేను రోడ్డు పక్క రేకుల కిందికి. బాగుంది పంపకం. ఒకసారి దిబ్బను చెక్కింది చాలక మిగిలిన ఇల్లు కూడా చదును చేద్దామనా?

కుక్క మాట ఎత్తావు కనుక చెబుతున్నాను. ఆ కుక్కకు నీకంటే రుచి తెలుసు. అంతకంటే ఏం రాయను.

గోడకు రెండు మల్బరీ దుంగలు ఆనించాను. ఒక్కదాన్నే మోసుకొచ్చాను. మగాళ్ళంతా పత్తిచేలల్లో ఉన్నారు. ఉన్నా ఒక్కడూ రాడు. నా ఇంటి పనికి ఎవడూ రాడని నాకు తెలుసు, నేను పిలవనూ పిలవను. ఎవణ్ణి చూసినా నాకు ఒకటే అనిపిస్తుంది, వీడిని కన్నతల్లి ఆ రోజు వేరే పని చూసుకుని ఉంటే బాగుండేదని.

గోడ నిలబడుతుంది. నిలబడాలి.

నోర్‌బీబీ

*

తవ్వకాల గుడారం,
1974 అక్టోబరు 24

అక్కా,

ఎష్కాబిల్‌కు నేను ఉత్తరం రాయడమా? వాడికి రాయడం కంటే వాడి గాడిదకు రాస్తే జవాబు త్వరగా వస్తుంది. నీ ఇంటిచోటు నాకెందుకు? ఏం చేసుకుంటాను? మూడు మెట్లు దిగి కూర్చుని వాడి కోడళ్ళ బూడిద పీలుస్తానా?

ఈ వారం జరిగింది రాస్తాను. తిట్టుకో, కానీ చదువు.

మా కందకంలో రెండు ఇళ్ళు పక్కపక్కన బయటపడ్డాయి. మొదటి ఇంటివాళ్ళు వదిలేముందు నేల శుభ్రంగా ఊడ్చారు. పొయ్యిలో బూడిద తీసి, అందులో మెత్తటి మన్ను నింపారు. గోడల పైభాగాన్ని మెల్లగా కూల్చి, గదిని నింపి, తడిపి, తొక్కి, మొండిగోడల్నే పునాది చేసుకుని పైన కొత్తిల్లు లేపారు. చూస్తే ముచ్చటేసింది. ఇది నా నోటి నుంచి రావడం నాకే కొత్త. నేను బద్ధకమన్నాను, ఈ ఒక్క ఇంటి విషయంలో ఆ మాట తీసేసుకుంటున్నాను. ఇంటిని పడగొట్టడం కాదది, కింద పడుకోబెట్టి దుప్పటి కప్పడం.

రెండో ఇంట్లో కుండలు ఎక్కడివక్కడే ఉన్నాయి. రోలు, పక్కనే రోకలి. గోడ లోపలికి పడింది, నీ గోడ ఒరిగిన వైపుకే. దాని కింద ఒక ఆడమనిషి ఉంది. చెయ్యి తల మీద అడ్డం పెట్టుకుని ఉంది. మొన్న పొద్దంతా ఆమెను కుంచెతో దువ్వింది నేనే. ఎవరో ఆమెకు కూడా చెప్పే ఉంటారు, ఆ గోడ దగ్గర పడుకోకని. ఎవరి మాటా వినని రకం అయివుంటుంది. పట్నం టోపీ ఒకతను వంగి చూసి, “చక్కటి నమూనా” అన్నాడు. పార వాడి కాలి మీద పడేశాను. పొరపాటున అని చెప్పాను.

అక్కా, దుంగలు గోడను ఆపవు. చౌడు తినేది అడుగున, నువ్వు ఆనించింది నడుముకు. పైవరస నుంచి విప్పించు. ఒక్కో పెల్లా లోపలికే వెయ్యి. మొదటి ఇంటివాళ్ళలా చెయ్యి. నీ మన్ను ఎష్కాబిల్‌కు పోదు, నువ్వు ఎవరి దగ్గరికీ పోవక్కర్లేదు, మోకాలెత్తు పైకి కూడా వస్తావు. వానలు మొదలుకాకముందే చెయ్యి.

నాకేం పోయింది? ఆ గోడ మీద నాది ఏదీ లేదు. నువ్వే లేకుండా చేశావు.

చోరియార్

*

[కార్డు]

1974 నవంబరు 4

అక్కా, జవాబు లేదు. ఉత్తరాల కాగితాలు అయిపోయాయి, కార్డు మీద రాస్తున్నాను. ఇక్కడ వాన మొదలైంది. గోడ విప్పించావా లేదా? ఎందుకంత కాపలా? నాన్న ఆ గోడలో బంగారమేమైనా పెట్టాడా? పెట్టి ఉంటే పడ్డాక ఒక్క పెల్ల కూడా బయటికి పోనివ్వకు. మాలాగా గుప్పెడు గుప్పెడు జల్లెడ పట్టు. దొరికింది నాకూ సగం పంపు. చో.

*

కోసాతెపా,
1974 నవంబరు 20

చోరియార్,

గోడ పడింది.

నేను బాగానే ఉన్నాను. ముందే రాస్తున్నాను, లేకపోతే నువ్వు ఎవత్తెనో కుంచెతో దువ్వుకుంటూ అది నేనే అనుకుంటావు. రెండో వాన వెలిసిన మధ్యాహ్నం ఆవు దగ్గర పాలు పితుకుతున్నాను. లోపల బరువైనదేదో కూలబడినట్టు చప్పుడైంది. వెళ్ళి చూస్తే మల్బరీ దుంగలు నిలబడే ఉన్నాయి, గోడ వాటిని దాటి పడింది. నువ్వు రాసినట్టే అడుగు నుంచి జారింది. సంతోషించు. కప్పు ఒక పక్కకు వాలింది గాని మిగతా మూడు గోడలూ ఉన్నాయి.

నేను జల్లెడ తీసుకుని మన్ను మీద కూర్చున్నాను.

ఇక చూడు మన ఊరి ఘనత. నీ కార్డు ఉంది చూశావూ, తపాలావాడికి అక్షరాలు రావడం వల్ల దాన్ని నాకంటే ముందు ఊరంతా చదివింది. ముందు ఉత్తరం సంగతి ఎష్కాబిల్‌కు మోసింది కూడా వాడేనని అప్పుడు తెలిసింది. వాడు కవర్లను ఎండకు పెట్టి చదువుతాడట. నిన్ను అనవసరంగా అనుమానించాను. ఒక్క ఆ విషయంలోనే.

ఎష్కాబిల్ పైనుంచి తొంగి చూశాడు.

“ఏం చేస్తున్నావ్ నోర్‌బీబీ?”

“కళ్ళు పత్తిచేలో పారేసుకున్నావా? జల్లిస్తున్నా.”

“ఏం పోయిందనీ?”

“నీకెందుకు?”

అంతే. పొద్దు వాలకముందే ఊరు ఊరంతా దిగింది. పదకొండేళ్ళుగా ఎదురుపడితే మొహం తిప్పుకునేవాళ్ళు జల్లెళ్ళు, తట్టలు, పారలు పట్టుకుని మన మూడు మెట్లూ దిగి వచ్చారు. “ఒంటి మనిషివి గదమ్మా, చేతనైన సాయం చేద్దామనీ” అంది గొడ్ల డాక్టరు పెళ్ళాం. దాని ఇంటి పెళ్ళికి నన్ను పిలవను కూడా లేదు. దురాశకు మర్యాద నేర్పితే ఎలా ఉంటుందో ఆ మొహంలో చూశాను.

నేను ఇరవై ఏళ్ళు పత్తి ఏరేవాళ్ళ దళాన్ని నడిపినదాన్ని. మనుషుల్ని ఎలా వాడాలో నాకు తెలియదా? జల్లించేవాళ్ళను ఒక పక్క కూర్చోబెట్టాను, మోసేవాళ్ళను ఒక పక్క, తొక్కేవాళ్ళను ఒక పక్క. “ఒక్క తట్ట కూడా గడప దాటకూడదు. అందులో ఏముందో ఎవరు చూశారు?” అన్నాను. అబ్బ, ఎంత బాగా విన్నారనుకున్నావు! ఒకడు జల్లించింది ఇంకొకడు నమ్మక మళ్ళీ జల్లించాడు. జల్లించిన మన్ను గదిలోనే పరిచారు, తడిపారు, తొక్కారు. మన్నులో ఏదైనా గట్టిగా తగులుతుందేమోనని పాదాలతో వెతుకుతూ తొక్కారు. అంత శ్రద్ధగా ఈ ఊళ్ళో ఏ ఇంటి నేలనూ ఎవడూ తొక్కి ఉండడు. ఒక రాగి బొత్తాం దొరికింది. దాని కోసం అన్నదమ్ములిద్దరు మాటలు మానేశారు. కుండపెంకులు, గొర్రె మోకాలి చిప్పలు, ఒక మట్టి ఎద్దు బొమ్మ కూడా వచ్చాయి. నాన్న గోడకు మన్ను ఈ దిబ్బలోనే తవ్వాడు కదా, ఏ కాలంవో ఆ కాలంవి అందులోనే ఉండిపోయాయి. నేను వాళ్ళకు పులావు వండలేదు. టీ ఇచ్చాను, అదీ పలచగా.

నువ్వేమో దిబ్బను కట్టేది బద్ధకం అన్నావు. నీ చదువు ఇంకా సగమే అయింది. దిబ్బను కట్టేది పక్కవాడి మీద పంతం, పక్కవాడి సొమ్ము మీద ఆశ. నా కళ్ళ ముందు మోకాలెత్తు లేచింది. టోపీలకు రాసి పంపు.

మూడో రోజున ఎష్కాబిల్ జల్లెడలో ఏదో చప్పుడయ్యింది. అందరూ ఆగారు. వాడు చేతిలోకి తీసుకుని, చివికిన బట్ట తీసేసి మన్ను ఊదాడు. తర్వాత దాన్ని ముద్దు పెట్టుకుని నుదుటికి ఆనించుకున్నాడు.

“ఇది చోరియార్‌ది గదా” అన్నాడు. రొట్టె కొరికిన చోట నీ విరిగిన ముందు పంటి గుర్తు ఇప్పటికీ ఉంది.

“వాడిదే.”

“దీనికోసమా ఇన్నాళ్ళూ గోడ ముట్టుకోనివ్వలేదు?”

“దీనికోసమే.”

వాడు రొట్టెను నా ఒళ్ళో పెట్టాడు. తర్వాత లేచి జనం మీద గట్టిగా అరిచాడు. “బంగారం లేదు, గింగారం లేదు. పోండి ఇక్కణ్ణుంచి!”

ఎంత తొందరగా పోయారనుకున్నావు! జల్లెళ్ళు మరిచిపోయినవాళ్ళు కూడా ఉన్నారు. అవి తిరిగివ్వను. మర్నాడు ఎష్కాబిల్ కొడుకులిద్దర్ని వెంటేసుకుని గడ్డి, పారలు తీసుకుని వచ్చాడు. “పాటిమన్ను అడగడానికా?” అన్నాను. “అడగను. నువ్వు కాసేపు నోరు మూసుకుంటే గోడ లేపుతా” అన్నాడు. మొండిగోడ మీదే లేపుతున్నాడు. ఇవాళ్టికి నా భుజం ఎత్తు వచ్చింది. వరసకూ వరసకూ మధ్య ఆరనిస్తున్నారు. వాడిని పూర్తిగా అసహ్యించుకోవడం ఆ రోజు నుంచి కొంచెం కష్టంగా ఉంది. ప్రయత్నిస్తున్నాను.

కుక్కకు వేశానని పదకొండేళ్ళు నమ్మావా? నోటికొచ్చింది అరిచాను, నిజమే. నాన్నను పూడ్చిపెట్టిన దిబ్బను నా తమ్ముడే కోస్తుంటే నోటికి ఇంకేమొస్తుంది? కానీ సందు చివరి నుంచి తిరిగొచ్చి, ఆ రొట్టెను తెల్లబట్టలో చుట్టి పడమటి గోడకు కట్టింది కూడా నేనే. అరిచినదాన్నే తెలుసు నీకు, కట్టినదాన్ని చూడలేదు. అలాంటి రొట్టెను వచ్చినవాడే దింపాలి. ఇంకొకరు దింపితే ఆ మనిషి రాడు. ఇదీ నీకు తెలుసు. గోడ విప్పమని నువ్వు రాసినప్పుడల్లా, ముందు ఆ రొట్టె ఎవరు దింపుతారో చెప్పరా అని రాయాలనిపించింది. రాయలేదు. కుక్క మాట నువ్వు ఎత్తినప్పుడైనా నిజం రాయాల్సింది. నోటితో అన్నదాన్ని కాగితం మీద వెనక్కి తీసుకోవడం నాకు చేతకాదు. నువ్వే ఒకసారి వచ్చి కళ్ళతో చూసి సిగ్గుపడాలని కూర్చున్నాను. ఆ గోడ కింద పడుకున్నది కూడా అందుకే. నీ ఎంగిలికి కాపలా పడుకున్నాను. ఎంత తెలివితక్కువదాన్నో చూశావా.

ఇప్పుడు దాన్ని నేను దింపలేదు. గోడే దింపింది. కాబట్టి ఆ లెక్కలోకి రాదు. తడి గోడకు మేకు నిలవదు గనక రొట్టెను పెట్టె మీద పెట్టాను. పురుగు అక్కడక్కడా తిన్నది. నీ ఎంగిలి గనక ఎలుక మాత్రం ముట్టలేదు.

రమ్మని రాయడం లేదు. రొట్టె ఉందని రాస్తున్నాను. నాకు నిన్ను చూడాలని ఉంది.

నోర్‌బీబీ

*

తవ్వకాల గుడారం,
1974 నవంబరు 30

అక్కా,

నీ ఉత్తరం కందకం అంచున కూర్చుని చదివాను. టోపీ ఒకతను వచ్చి, “ఏమైంది మేస్త్రీ, చెడు వార్తా?” అని అడిగాడు. కంట్లో దుమ్ము పడిందన్నాను. కుంచె పని కదా, నమ్మాడు. ఇలాంటివాళ్ళు గతాన్ని తెలుసుకుంటారట.

పదకొండేళ్ళు నేనొక కుక్క మీద కోపం పెంచుకున్నాను. అది ఎప్పుడో చచ్చిపోయి ఉంటుంది, పాపం దానికి ఏమీ తెలియదు. నీ మీద కూడా పెంచుకున్నాను. నువ్వూ తక్కువదానివి కాదు. ఒక్క వాక్యం రాయడానికి గోడ పడాల్సి వచ్చింది నీకు.

శుక్రవారం బస్సుకు వస్తున్నాను. సనోబార్ కూడా వస్తానంటోంది. ఉల్లిపాయలు తెస్తానంటే వద్దని ఒప్పించడానికి చాలాసేపు పట్టింది. టీ చిక్కగా, బాగా వేడిగా పెట్టు. ఆ ముందు పన్ను ఎప్పుడో పోయింది, పక్కవి కూడా దాని వెంటే పోయాయి. రొట్టెను ఇంకెవరైనా నానబెడితే ఊరుకోను.

ఎష్కాబిల్‌కు ఒక మాట చెప్పు. పై వరస నేను వచ్చేదాకా వెయ్యొద్దు. ఆరిన గోడకు మేకు కొడితే చౌడు మొదలయ్యేది అక్కడే. తడి వరస వేసేటప్పుడే అందులో కొయ్య గుచ్చాలి, ఆరేకొద్దీ గోడే దాన్ని పట్టుకుంటుంది. మల్బరీ కొయ్య ఒకటి చెక్కి పెట్టుకున్నాను, నాతో తెస్తున్నాను.

తందూరులో ఒక రొట్టె ఎక్కువ వెయ్యి. ఆదివారం తిరిగి వచ్చేటప్పుడు నేను మళ్ళీ కొరకాలి కదా.

చోరియార్